బరువుల కొట్టు, ఇరవై ఏడో నంబరు

జ్యేష్ఠం, సోమవారం

పొద్దున షట్టర్ ఎత్తానో లేదో, బల్ల మీది తెరలో నీలవేణి ప్రత్యక్షం. మా ఒక్కగానొక్క కూతురు. అడుగు అంతస్తులో అత్తారిల్లు. "నాన్నా, అమ్మని పిలు" అంది. నాకు చెప్పని సంగతంటే ఇంకేముంటుంది, అర్థమైపోయింది. మా ఆవిడ పైడమ్మ పిండి చేతులతోనే పరిగెత్తుకొచ్చి, రెండు మాటలు విని అక్కడే కూలబడింది. మా ఏడో అంతస్తులో కూలబడటానికి కూడా కాస్త టైం పడుతుంది లెండి.

"ఓలమ్మా! అమ్మమ్మనైపోతన్నానయ్యా!"

"నేను తాతనవుతున్నానని కూడా చెప్పొచ్చు కదే."

"నువ్వేటి సేసేవని? పురుడు పొయ్యాల్సింది నాను."

అసలు చిక్కు అక్కడే ఉంది. మేముండే ఈ అంతరిక్షపు చక్రం ఇలా తిరుగుతూనే ఉంటుంది. దాని అంచున ఉన్న అడుగు అంతస్తులో మనిషికి పూర్తి బరువు. పైకెక్కే కొద్దీ బరువు తగ్గుతుంది. ఏడో అంతస్తుకొచ్చేసరికి అరవై కిలోల మనిషి తక్కెడ మీద నలభై కూడా తూగడు. ఆ తగ్గింది నేను అమ్ముతాను. ఇనుప గుళ్ళు కుట్టిన నడుం పట్టీలు, కాలి పట్టీలు, భుజం సంచులు. మోయడానికేమీ లేదని తెలిస్తే ఎముక సోమరిదైపోయి తనని తానే కరిగించుకుంటుంది. అందుకే పైనున్న వాళ్ళంతా బరువులు కట్టుకుని తిరగాలి. బిడ్డ మాత్రం పూర్తి బరువులోనే పుట్టాలని చట్టం. అంచేత పుట్టింటి పురుడనే మన ఆచారం ఇక్కడ తల్లకిందులైంది. కూతురు పైకి రాకూడదు. తల్లే కిందికి దిగాలి. దిగాలంటే లిఫ్టు దగ్గర, ఎముక గట్టిగా ఉన్నవాళ్ళనే వదిలే ఎముకల గేటు దాటాలి.

"దానికేటి? నా అంత బరువు మోసే ఆడది ఈ అంతస్తులో ఉన్నాదేటి?" అంది పైడమ్మ, నడుం పట్టీ సర్దుకుంటూ. నిజమే. పట్టీలన్నీ కుట్టేదీ, ఆరేసేదీ, ఆరు జతలూ ఒంటి మీద వేసుకుని ఇల్లంతా తుడిచేదీ తనే.

ఆషాఢం, బుధవారం

గేటు రూలు మారింది. ఇన్నాళ్ళూ అక్కడ ఎముక బొమ్మ తీసే యంత్రం ఉండేది. అది పాడై ఏడాది దాటింది. బాగుచేయించే బదులు ఇంకో కొలత పెట్టారు. గోడ మీది ప్రకటన పొద్దుట్నుంచీ అదే పాట: "మీ ఇరవై ఏడు ఎంత? తెలుసుకోండి, తగ్గించుకోండి!"

కొట్టుకొచ్చిన ప్రతివాడూ నన్నే అడిగాడు, ఇరవై ఏడంటే ఏమిటని. నాకేం తెలుసు? మధ్యాహ్నం డాక్టర్ నూర్జహాన్ గారు మోకాలి పట్టీ కోసం వస్తే ఆవిణ్ణి కూర్చోబెట్టి అడిగాను.

"కొలెస్ట్రాల్ తెలుసుగా సన్యాసిరావు గారూ? దాన్ని మన ఒళ్ళు ముక్కలు చేసి వాడుకుంటుంది. ఒక ముక్కతో హార్మోన్లు, ఒక ముక్కతో పిత్తరసం. అలా పుట్టే వాటిలో ఒకదానికి శాస్త్రంలో ఇరవై ఏడో నంబరు తగిలించారు. అది ఎక్కువైతే ఎముక కట్టే పని మందగిస్తుంది, కరిగే పని జోరందుకుంటుంది."

"అయితే గేటు రూలు మంచిదే కదండీ?"

"ఇంట్లో ఉప్పెంత ఉందో చూసి, కూర బాగుందని చెప్పడం లాంటిది. ఎముక బాగుందో లేదో తెలియాలంటే ఎముకనే చూడాలి. ఇదొక్కటీ చూస్తే చాలదు."

ఆవిడ వెళ్ళాక గేటు అధికారి పప్పల ఈశ్వర్రావు గారు వచ్చారు. డాక్టరమ్మ మాట ఆయన చెవిన వేశాను. ఆయన నవ్వారు.

"చూడవయ్యా, ఎముక లోపల ఉంటుంది. దాన్ని చూడటం కష్టం. రక్తం బొట్టు చాలా తేలిక. ప్రభుత్వం తేలికైన దారిలోనే నడవాలి."

ఏడో అంతస్తు కదా, అందరం తేలికే మరి.

ఆషాఢం, శుక్రవారం

పైడమ్మ గేటు దగ్గర వేలు పొడిపించుకుంది. ఎర్ర దీపం వెలిగింది. ఇరవై ఏడు గీత దాటి చాలా పైన ఉందట.

"అయ్యగారూ, నన్నో పాలి ఎత్తి సూడండి. ఎంత బరువు మోస్తన్నానో తెలస్తాది" అంది ఈశ్వర్రావు గారితో.

"అమ్మా, మీ ఎముకలు గట్టివే కావచ్చు. దానికీ గేటుకీ సంబంధం లేదు."

పైడమ్మ ఇంటికొచ్చాక నెయ్యి డబ్బా తీసి పక్కింటి వాళ్ళకిచ్చేసింది. కంటనీరు పెట్టలేదు గానీ, ఆ డబ్బా ఇచ్చేటప్పుడు మూత రెండుసార్లు తీసి వాసన చూసింది.

శ్రావణం, గురువారం

కొత్త సరుకొచ్చింది. నిర్మలధార జల్లెడ. మోచేతికి సూది గుచ్చి తగిలించుకునే కడియం. రాత్రీ పగలూ ఒంట్లో రక్తాన్ని వడగట్టి కొలెస్ట్రాల్నీ, దాని పిల్లా జెల్లనీ పీల్చి పారేస్తుందట. ఏజెన్సీ కోసం నలుగురం పోటీపడితే నాకు దక్కింది. ఎందుకంటే మా చక్రం బజారులో ఒక ఆచారం ఉంది. అమ్మేవాడు తను ముందు కట్టి చూపించాలి. కట్టనివాడి దగ్గర ఎవరూ కొనరు. బరువులు అమ్మినన్నాళ్ళూ నేను బరువులు కట్టాను. జల్లెడ అమ్మాలంటే జల్లెడ కట్టాలి. మిగతా ముగ్గురూ సూదికి భయపడ్డారు. నేను చెయ్యి చాచాను.

ఒక్కటే మెలిక. ఒంటి మీద ఇనుముంటే జల్లెడ పనిచేయదు. కాబట్టి నా పట్టీలన్నీ విప్పేశాను. అబ్బ, ఏం హాయి! ఒక్క గెంతుకి పై అరలోని డబ్బా అందుకుంటున్నాను. పాతికేళ్ళు వెనక్కి పోయినట్టుంది.

ఇంకో జల్లెడ తీసి పైడమ్మకిచ్చాను. "కట్టుకో. రెండు నెలల్లో ఆకుపచ్చ దీపం. హాయిగా లిఫ్టెక్కి దిగిపోవచ్చు."

"మరి నా బరువులు?"

"విప్పేయాలి."

"నెలసరి ఆగినకాడ్నుండీ డాక్టరమ్మ ఏటి సెప్తన్నాది నాకు? ఈ వయసుల ఎముక ఎలాగూ పల్చబడిపోతాది, బరువు ఒగ్గకు అని కాదేటి? ఇప్పుడు ఒగ్గేసి, కిందకెల్లి పూర్తి బరువుల బాలింతని ఎత్తితే నా నడుం ఏటవ్వాలి?"

"గేటు దాటకపోతే బాలింత దగ్గరికే వెళ్ళవు కదే!"

"గేటు దాటీసి ఇరిగిపోతే, నీలవేణే నాకు పురుడు పొయ్యాలి."

జల్లెడ పెట్టె బల్ల మీదే ఉండిపోయింది. రాత్రి అన్నంలోకి ఉప్పు లేని సొరకాయ పెట్టింది. నాకు కూడా.

భాద్రపదం, శనివారం

వ్యాపారం చెప్పక్కర్లేదు. మెడలో పలక వేలాడదీసుకున్నాను: "నా ఇరవై ఏడు: సున్నా." జనం నన్ను చూసి దణ్ణం పెట్టడం ఒక్కటే తక్కువ. ఏడో అంతస్తంతా బరువులు విప్పేసింది. సందుల్లో మనుషులు నడవడం మానేసి కుప్పిగంతులేస్తున్నారు. విప్పిన పట్టీలు తెచ్చి మా గుమ్మంలోనే పడేసి, అదే చేత్తో జల్లెడ పట్టుకుపోతున్నారు. నా సరుకంతా నా దగ్గరికే తిరిగొచ్చింది. గోడకి కొండలా పేరింది.

పలకరింపులు కూడా మారిపోయాయి. ఇదివరకు "భోంచేశారా?" అనేవాళ్ళు. ఇప్పుడు "ఎంతుంది?" అంటున్నారు. నిన్న ఒక పెళ్ళిచూపుల్లో పిల్లవాడి ఉద్యోగం అడగలేదట, ఇరవై ఏడు అడిగారట. పిల్లవాడిది పదకొండనగానే పిల్ల తల్లి మొహం తిప్పుకుందట.

పైడమ్మ మాత్రం ఆరు జతలూ కట్టుకుని ధబ్ ధబ్ మంటూ నడుస్తోంది. మునగాకు, ఉడకబెట్టిన చిక్కుడు, నూనె చుక్క లేదు. మళ్ళీ గేటుకెళ్ళింది. మళ్ళీ ఎరుపే.

డాక్టరమ్మ దగ్గరికెళ్ళి మొత్తుకున్నాను. "తినడం మానేస్తే కాలేయమే తయారుచేసుకుంటుందండీ. వాళ్ళ వంశంలో కాస్త ఎక్కువ. కొంత తగ్గుతుంది గానీ గీత దాకా రాదు" అన్నారు. తర్వాత నా మెడలో పలక చదివి, "మీరు మరీ సున్నానా?" అన్నారు.

"అవునండీ!" అన్నాను ఛాతీ విరుచుకుని.

"దేంట్లోంచి అయితే ఇరవై ఏడు పుడుతుందో, దాంట్లోంచే ఎముకకి కావాల్సినవీ పుడతాయి. డి విటమిన్ కూడా ఆ ఇంటి పిల్లే. చెత్తతో పాటు బియ్యం కూడా పారబోస్తున్నారేమో, ఒకసారి ఎముక బొమ్మ తీయించుకోండి" అన్నారు.

బేరం టైమండీ, వచ్చే వారం వస్తానన్నాను.

ఆశ్వయుజం, మంగళవారం

గౌరీపతి మాస్టారు తెలుసుగా, మా ఎదురింటాయన. జల్లెడ నా దగ్గరే కొన్నాడు. నెలన్నరలో ఆకుపచ్చ దీపం తెచ్చుకుని, తమ్ముడి కొడుకు పెళ్ళికని అడుగు అంతస్తుకి లిఫ్టులో దిగాడు. తలుపు తెరుచుకుంది. బయటికి ఒక్కడుగు వేశాడు. తుంటి ఎముక పుటుక్కుమంది. పెళ్ళి భోజనం ఆస్పత్రి మంచం మీద తిన్నాడు.

ఆయనొక్కడే కాదు. ఈ నెలలో ఇంకా ముగ్గురో నలుగురో.  ఈశ్వర్రావు గారి దగ్గరికెళ్ళి అడిగాను.

"విచారణ జరిపాం. వాళ్ళందరి ఇరవై ఏడూ సున్నా దగ్గర్లోనే ఉంది" అన్నారు.

"అయితే?"

"అయితే వాళ్ళ ఎముకలు బాగున్నాయి. బాగున్న ఎముక విరగదు. కాబట్టి విరగలేదు."

"మాస్టారు కాలికి సిమెంటు కట్టు వేశారండీ!"

"అది ఆస్పత్రి వాళ్ళ పొరపాటు. వాళ్ళ మీదా విచారణ వేశాం."

బయటికొస్తుంటే వెనక నుంచి పిలిచి, తన కొలత కూడా మూడుకి దిగిందని చూపించారు. ఆయన టేబుల్ కింద బరువు పట్టీలు నేనమ్మినవే, దుమ్ము పట్టి ఉన్నాయి.

కార్తీకం, ఆదివారం

ఈ రోజుది ఎడం చేత్తో టైపు చేస్తున్నాను. ఎందుకో చెబుతాను.

పొద్దున ఇంట్లోని తెరలో నీలవేణి ఏడ్చింది. ఎనిమిదో నెల. కాళ్ళు వాచాయి. అత్తగారు మంచిదే గానీ ఆవిడకే మోకాళ్ళు లేవవు. "అమ్మా, నువ్వు రాకపోతే నాకు భయంగా ఉందే" అంది. పైడమ్మ తెర ఆపేసింది. నడుం పట్టీ విప్పింది. భుజం సంచులు విప్పింది. కాలి పట్టీలు, చేతి పట్టీలు. ఆరు జతలూ నేల మీద పడ్డాయి. చెయ్యి చాచింది.

"కట్టేయ్ నీ జల్లెడ."

"పైడీ..."

"ఎముక పోతే పోనీ. నాను దాని పక్కన ఉండాలి. కట్టేయ్ అంతన్నాను కదా!"

పెట్టెలన్నీ కొట్టులో ఉన్నాయి. పరిగెత్తి షట్టర్ గొళ్ళెం పట్టుకుని పైకి లాగాను. ముప్ఫై ఏళ్ళుగా రోజూ లాగే షట్టర్. కుడి మణికట్టులో పచ్చి పుల్ల విరిచినట్టు చప్పుడైంది. అక్కడే చతికిలబడ్డాను.

డాక్టరమ్మ దగ్గర పాత యంత్రం ఒకటుంది. గేటు వాళ్ళు దాన్ని లెక్కలోకి తీసుకోరు. నా ఎముక బొమ్మ తీసి తెర మీద పెట్టారు. మరమరాన్ని నిలువునా కోస్తే లోపలెలా ఉంటుందో అలా ఉంది. మూడు నెలలు బరువు మోయలేదు. ఎముకకి కావాల్సింది కూడా జల్లెడ తాగేసింది. డాక్టరమ్మ కడియం ఊడదీసి చెత్తబుట్టలో వేశారు.

తర్వాత పైడమ్మది తీశారు. వయసుకి తగ్గట్టు కొంచెం పల్చనే, కానీ లోపలి అల్లిక కుదురుగా ఉంది. "ఇరవై ఏడు ఇంత ఎక్కువున్నా ఇలా నిలబెట్టుకున్నారంటే ఆ బరువుల పుణ్యమేనమ్మా. మీరు కింద నడవగలరు. గేటు ఒప్పుకోదు, అంతే" అన్నారు.

పైడమ్మ ఆ బొమ్మకేసి చాలాసేపు చూసింది. నా బొమ్మకేసీ చూసింది. నేలకేసి చూస్తూ అడిగింది.

"డాక్టరమ్మా, లిఫ్టుకి గేటున్నాది. మెట్లకున్నాదేటి?"

కార్తీకం, గురువారం

మెట్లకి గేటు లేదు. లిఫ్టు వచ్చాక ఆ తలుపు తెరిచిన వాళ్ళే లేరు. ఈ సంగతి తెలిసి ఈశ్వర్రావు గారు రొప్పుకుంటూ వచ్చారు.

"మెట్ల మీద వెళ్ళడానికి వీల్లేదు!"

"ఏ రూలు బాబూ?" అంది పైడమ్మ. మళ్ళీ ఆరు జతలూ కట్టుకుంది, చేతిలో నీళ్ళ సీసా.

"మెట్లు దిగేవాళ్ళకి అనుమతి ఇవ్వడానికి మా దగ్గర పద్ధతి లేదు."

"ఆపడానికున్నాదేటి?"

ఆయన రూల్స్ పుస్తకం తీసి తిరగేశారు. ఆపే పద్ధతి కూడా లేదట. పైవాళ్ళని అడిగి చెబుతానన్నారు.

"అడిగి సెప్పండి. ఈలోగా నానెల్తాను" అని పైడమ్మ తలుపు తోసింది.

లెక్క తనదే, డాక్టరమ్మ సరే అన్నారు. ఒక్కో అంతస్తు దిగితే ఒంటికి కాస్త బరువు దానంతట అదే పెరుగుతుంది. ఆ మేరకి ఒక జత విప్పేస్తుంది. ఆరు జతలు, ఆరు అంతస్తులు. ఎముకకి తేడా తెలియకూడదు. ప్రతి అంతస్తులోనూ కొన్నాళ్ళు ఆగాలి, పరుగు కూడదు.

మెట్ల మొదట్లో నిలబడి నేను కుడి చేతి కట్టుతోనే చెయ్యూపాను.

"అన్నం వండుకో. ఆ సున్నా పలక తీసీ. సిగ్గునేకపోతే సరి" అంది. ధబ్, ధబ్, ధబ్. చాలాసేపు వినిపించింది.

కార్తీకం, అమావాస్య ముందు రోజు

పైడమ్మ నాలుగో అంతస్తులో ఉంది. మా పాత ఖాతాదారు అచ్చియ్యమ్మ గారింట్లో బస. మెట్ల తలుపులోంచి మనిషి రావడం ఎప్పుడూ చూడని జనం మూగిపోయారట. అంతస్తుకో జత విప్పడం చూసి, ఆ విప్పినవి మాకిమ్మంటే మాకిమ్మని కొట్లాట. ఇక్కడ నా గుమ్మంలోనూ ఇద్దరు ముగ్గురు తచ్చాడుతున్నారు. పడేసిన పట్టీలే తిరిగి అడగడానికి మొహమాటం. "ఊరికే చూద్దామని" అంటారు. ఊరికే చూసి రెండేసి జతలు పట్టుకెళుతున్నారు.

మోకాలు కొంచెం లాగుతోందట. నడుం బాగుందట. ఇరవై ఏడు ఎంత ఉందని నేను అడగలేదు, తను చెప్పలేదు.

మార్గశిరం, శుక్రవారం

ఆడపిల్ల. నీలవేణి కులాసా. పైడమ్మ ఒంటి మీద ఒక్క పట్టీ లేకుండా, పూర్తి బరువులో, బిడ్డని నీళ్ళు పోయడానికి కాళ్ళ మీద పడుకోబెట్టుకుంది. తెరలో చూశాను. చిట్టి వేళ్ళు, ముడుచుకున్న కళ్ళు. 

అంతలో బయట సన్నాయి. ఈశ్వర్రావు గారు, వెనక పది మంది, చేతిలో దండ.

"శుభాకాంక్షలు సన్యాసిరావు గారూ! మన అంతస్తులో మొట్టమొదటి సున్నా మీదే. పలకతో మీ ఫోటో పై ఆఫీసుకి చేరింది. మీకు జీవితకాలపు లిఫ్టు పాసు! ఇవాళే ఎక్కండి, మనవరాల్ని చూసి రండి. కిందనున్న పై అధికారులు కూడా మిమ్మల్ని చూడాలంటున్నారు."

నిజంగానే కాలు లేచింది. గేటు నా కోసం బార్లా తెరిచి ఉంది. కింద మూడు కిలోల పిల్ల. లిఫ్టులో వెళితే చిటికెలో చేరతాను. చేరి, బయటికి ఒక్కడుగు వేస్తాను.

"నేను దిగలేనండీ. విరిగిపోతాను."

"మీరా? మీ కొలత సున్నా!"

"కొలత సున్నానే. ఎముకా సున్నానే." చేతి కట్టు చూపించాను.

ఆయన దాని వైపు చూడకుండా దండ నా మెడలో వేసి, సన్నాయి వాణ్ణి వాయించమని, ఫోటో తీయించుకుని వెళ్ళిపోయారు. పోతూ పోతూ గుమ్మం దగ్గర పట్టీల కుప్ప ముందు ఒక్క క్షణం ఆగారు. ఎవరూ చూడట్లేదనుకుని ఒక జత చంకలో పెట్టుకున్నారు.

సాయంత్రం పైడమ్మ మళ్ళీ తెరలోకొచ్చింది. భుజం మీద బిడ్డ నిద్రపోతోంది. నేను కుర్చీలో ఉన్నాను, ఎడం చేత్తో కుస్తీ పడుతూ.

"ఏటి సేస్తన్నావయ్యా వంగి?"

"కాలికి కడుతున్నా. అర కిలోది."

"డాక్టరమ్మ అంతే కట్టమన్నాదేటి?"

"అంతే. మెల్లగా పెంచమన్నారు. ఏడాది పైనే పడుతుందట."

"పడనీ. ఇది బోర్లా పడ్డ యేళకి ఒక అంతస్తు దిగు. కూకున్న యేళకి ఇంకోటి. పాకే యేళకి రెండు. ఇది నడిసే యేళకి నువ్వూ నడిసొస్తే సాలు."

"అది ముందు నడిచేస్తేనో?"

"నడిసేస్తాది. నా మనవరాలు." బిడ్డని ఇటు తిప్పి మొహం చూపించింది. "సూడు, మీ తాత. ఒక్క కాలికి కట్టి కూకున్నాడు."

రెండో పట్టీ తీసుకున్నాను.